గొంతు లేని మేట్

ఇప్పటికీ నాకు అదే కల వస్తుంది. తెల్లటి మంచులో పట్టాలు సాగిపోతుంటాయి. నేను చెయ్యెత్తి పిలుస్తాను. నోరు తెరుచుకుంటుంది గాని గొంతులోంచి ఏమీ రాదు. అయినా పట్టా దానంతటదే లేచి, కొంచెం పక్కకు జరిగి, మెల్లగా సర్దుకుని కూర్చుంటుంది. మొదట్లో ఈ కలకు ఒళ్ళంతా చెమటలు పట్టి లేచేవాణ్ణి. ఇప్పుడు లేచి నవ్వుకుంటాను. "మల్లీ పట్టాలు జరిపీసినావేటి?" అంటుంది మా ఆవిడ పైడమ్మ, టీ గిన్నె పొయ్యి మీద పెడుతూ.

ఆ చెమటకీ ఈ నవ్వుకీ మధ్య జరిగిందే ఇది. గొంతులో ఏదో అడ్డం పడి, ఎవరికీ చెప్పకుండా మిరియాలు నములుతూ తిరిగే మొండిఘటాలు ఎవరైనా ఉంటే వాళ్ళ కోసం రాస్తున్నాను. సగం నా కోసం కూడా అనుకోండి. మూడేళ్ళయినా, అప్పుడప్పుడు గొంతు తడుముకుని చూసుకునే అలవాటు పోలేదు.

ఎనభై ఎనిమిది, దసరా వెళ్ళాక

నా పేరు సింహాచలం. బిలాస్‌పూర్‌లో గ్యాంగ్ మేట్‌ని. అంటే లైను మీద కంకర దట్టించి, పట్టాలు సరిచేసే పన్నెండు మందికి పెద్దని. మా నాన్న శ్రీకాకుళం వైపు నుంచి ఇదే పని మీద వచ్చాడు. నేను పుట్టింది రైల్వే క్వార్టర్లో. నాలుగు తెలుగు అక్షరాలు వచ్చాయంటే అది రైల్వే బడి పుణ్యం.

పట్టా వంకర తీయాలంటే పది మంది సబ్బళ్ళు, అంటే బారెడు ఇనప గునపాలు, పట్టాకింద దూర్చి ఒక్క క్షణంలో నెట్టాలి. ఆ క్షణం మేట్ గొంతులో ఉంటుంది. "బలంగ పట్టు!" అని నేను పిలిస్తే "హైసా!" అని వాళ్ళు అందుకుంటారు. "ఇంకొక్క నూలు!" అని, నూలుపోగంత జరపమంటే, మళ్ళీ "హైసా!" పని మొదలు పెట్టేదీ ఆపేదీ మేట్ పిలుపే. రైలు వస్తోందని వాచీవాడు దూరం నుంచి ఈల వేసినా సరే, మేట్ "హటో!" అంటేనే సబ్బళ్ళు దించి తప్పుకోవాలి. మా నాన్న పనిచేసిన గ్యాంగులో అదే పద్ధతి, నా గ్యాంగులోనూ అదే. నా గొంతు బిల్హా లైనులో రెండు గేట్ల అవతలికి వినిపిస్తుందని చెప్పుకునేవాళ్ళు. చెప్పుకునేవాళ్ళలో నేనే ముందుండేవాణ్ణనుకోండి.

మంగళూ అని ఒకడున్నాడు మా గ్యాంగులో. బిల్హా పక్క పల్లె వాడు, నాకంటే రెండు మూడేళ్ళు పెద్ద. చెవి మీద బీడీ పెట్టుకుని, మాట్లాడకుండా పని చేసుకుపోతాడు. ఆ ఏడు వానల్లో ఒకరోజు పక్క లైను మీద రైలు వస్తుంటే, నాకంటే ముందు చూసి "గాడీ!" అని అరిచాడు. అందరూ సబ్బళ్ళు వదిలేసి పక్కకు దూకారు. రైలు నిజంగానే వచ్చింది, వెళ్ళింది. నాకు మాత్రం తల కొట్టేసినట్టయింది.

"మేట్ నువ్వా, నానా? ఈ గ్యాంగుకి ఎన్ని నోల్లున్నాయిరా? ఒకటే!" అని అందరి ముందూ ఎగిరాను. సాయంత్రం దాకా అతన్ని తుమ్మచెట్టు కింద కూర్చోబెట్టాను, పని ఇవ్వకుండా, చిన్నపిల్లవాణ్ణి కూర్చోబెట్టినట్టు. మిగతావాళ్ళు నవ్వారు. ఆ నవ్వు నాకు బాగానే ఉంది. దాన్ని క్రమశిక్షణ అనుకున్నాను.

దసరా వెళ్ళాక గొంతు బొంగురు పోవడం మొదలైంది. పొద్దున బాగానే ఉండేది, మధ్యాహ్నానికి రంపం కోసినట్టు వచ్చేది. మిరియాలు, శొంఠి, పసుపు పాలు, ఎవరేది చెబితే అది. తగ్గలేదు. తగ్గకపోతే ఏం చేయాలో నాకు తెలిసిన పద్ధతి ఒక్కటే, ఇంకా గట్టిగా అరవడం.

"మావా, డాక్టరమ్మకి సూపించుకో," అనేది పైడమ్మ.

"జలుబే, ఊరుకో."

"మూడు నెల్ల జలుబేటి? ఓలమ్మో, ఈడి జలుబుకి కేలండరుంది."

జలుబు కాదని నాకు తెలుసు. మా చిన్న మేనమామ ఇలాగే బొంగురు గొంతుతో మొదలై, ఏడాది తిరక్కుండా కట్టెల మీదికి వెళ్ళాడు. ఆ సంగతి పైడమ్మకూ తెలుసు, అందుకే ఇద్దరం ఆయన పేరెత్తే వాళ్ళం కాము. నాకు భయం వేసింది. చచ్చిపోతానని ఒక భయం. డాక్టరు 'అన్‌ఫిట్' అని రాస్తే ఏ ఆఫీసులోనో స్టూలు మీద కూర్చోబెట్టి మంచినీళ్ళు అందించమంటారని ఇంకో భయం. నిజం చెప్పొద్దూ, రెండోదే పెద్దది.

ఎనభై తొమ్మిది, జనవరి

ఆ ఉదయం మంచు ఎలా ఉందంటే, లోకాన్ని ఎవరో పాలలో నానబెట్టినట్టుంది. నాలుగు అడుగుల అవతల మనిషి నీడ అయిపోతున్నాడు. సబ్బళ్ళ చప్పుడు ఎక్కడినుంచో వేరే గ్యాంగు వాళ్ళది వినిపిస్తున్నట్టు వచ్చేది. నాకు ఆ తెల్లదనంలో ఒకలాంటి మత్తుగా, హాయిగా కూడా ఉంది. ఎవరికీ నా ముఖం కనిపించదు కదా అనుకున్నాను.

పక్క లైనులో బొగ్గు గూడ్సు ఒకటి అప్పుడే దాటి వెళ్ళింది. దాని మోత మంచులో ఇంకా తిరుగుతోంది. మలుపు దగ్గర నిలబెట్టిన వాచీవాడు ఈల వేశాడట, ఆ మోతలో మాకు వినబడలేదు. నేను తలెత్తేసరికి మా లైను మీదే మంచులో పసుపు మరక ఒకటి, వెడల్పవుతోంది. ఇంజను దీపం.

"హటో" అన్నాను. అన్నాననుకున్నాను. గొంతులోంచి గాలి తప్ప ఏమీ రాలేదు.

అప్పుడు మంగళూని చూశాను. అతను రైలుకు ఎదురుగా నిలబడి ఉన్నాడు. నాకంటే ముందే చూశాడు. చూసి, అరవకుండా, సబ్బలు చేతిలో అలాగే పట్టుకుని, నా నోటి వంక చూస్తున్నాడు. నేను పిలుస్తానేమోనని ఎదురు చూస్తున్నాడు. ఆ చూపు నేను బతికినంతకాలం మర్చిపోను.

చేతిలో సుత్తి ఉంటే పట్టా మీద ఖంగుమని కొట్టాను. పక్కవాడి కాలరు పట్టుకుని లాగాను. ఆ చప్పుడుకి అందరూ అదిరిపడి, తోసుకుంటూ గట్టు కిందికి దొర్లారు. రైలు వెళ్ళిపోయింది. పన్నెండు మందినీ వేలు పెట్టి లెక్కపెట్టాను, రెండుసార్లు. అందరూ ఉన్నారు. లైను పక్కన పెట్టిన టిఫిను డబ్బా ఒకటి మాత్రం చపాతీలా నలిగిపోయింది.

ఆ తర్వాత నేను చేసింది రాయడానికి సిగ్గుగా ఉంది. లేని గొంతుతో, గాలితో, వాళ్ళనే తిట్టాను. మొద్దులన్నాను, చెవుడన్నాను. మంగళూ నలిగిన డబ్బా తీసి మట్టి దులిపాడు. అది అతనిదే.

ఇంట్లో నేను చెప్పలేదు. కుళాయి దగ్గర ఆడవాళ్ళు చెప్పారు. మర్నాడు పొద్దున లేచేసరికి నా డ్యూటీ బూట్లు కనిపించలేదు. పైడమ్మ గుమ్మానికి అడ్డంగా కూర్చుని ఉంది.

"ఆసుపత్రికి ఎల్తావా, ఇనిస్పెక్టరు బాబుకి నానే సెప్పీనా?"

"భయమేస్తందే," అన్నాను. పెళ్ళయి పదహారేళ్ళలో ఆ మాట ఆమెతో అనడం అదే మొదలు. ఆమె లేచి, నెయ్యి డబ్బాల వెనక దాచిన బూట్లు తెచ్చి నా ముందు పెట్టింది.

"నాకూ ఏస్తంది. తొడుక్కో, ఎల్దాం."

ఫిబ్రవరి

డాక్టరమ్మ చిన్న అద్దాన్ని దీపం మీద వెచ్చచేసి నోట్లో పెట్టి చూసింది. గొంతులో కండ పెరిగిందని, కలకత్తాలో రైల్వే పెద్దాసుపత్రికి వెళ్ళి తీయించుకోవాలని, తీసిన ముక్కను పరీక్ష చేస్తేగాని ఏదీ చెప్పలేమని అంది. "ఘబరానా మత్," అంది చివర్లో.

"మేట్‌ని అమ్మా, నాకు ఘబరాయించడమేటి," అన్నాను.

"అచ్ఛా? మేట్‌కి గొంతుండదా ఏం?" అని నవ్వి కాగితం రాసిచ్చింది.

రైలు పాసు కోసం వెళితే మా లైను ఇనస్పెక్టరు కాగితం మీద సంతకం పెట్టి, పెన్ను మూత పెట్టకుండా కాసేపు కూర్చున్నాడు. ఉత్తరాది మనిషి, మంచివాడే, లెక్క మనిషి. అరవలేని మేట్ ఉంటే మిగిలినవాళ్ళ ప్రాణాలకు ఎవరు పూచీ అన్నాడు. తిరిగి వచ్చాక చూద్దామన్నాడు. ఆ 'చూద్దాం' నాతో పాటే రైలెక్కి కలకత్తా దాకా వచ్చింది.

ఆ ఆసుపత్రి వరండా నాకు నీళ్ళ అడుగున చూసినట్టు గుర్తుంది. పచ్చటి గోడలు, పొడుగాటి బెంచీలు, ఎక్కడో పావురాల గుటగుట. పక్కన ఒక ముసలాయన, మెడకు తెల్లగుడ్డ. గుడ్డ కింద రంధ్రం ఉందని, ఆయనకు గొంతు మొత్తం తీసేశారని తెలిసింది. రిటైరైన గార్డు. నేను చూడలేక లేచి ఆ చివర బెంచీకి పోయాను. పైడమ్మ నా వెనకే రాలేదు. ఆయన పక్కనే కూర్చుంది.

కాసేపటికి వరండాలో ఈల మోగింది. గార్డు ఈల. ముసలాయన జేబులోంచి తీసి, మెడ గుడ్డ కింద ఆ రంధ్రానికి ఆనించి ఊదాడు. దానికి దూరంగా టీ కుర్రాడు తిరిగి చూశాడు, నర్సు నవ్వింది. ఆయన మూడు వేళ్ళు చూపించి, మూడు మట్టి ముంతల్లో టీ తెప్పించి, ఒకటి ఆ చివరి దాకా నడిచి వచ్చి నా చేతిలో పెట్టాడు. నేను పారిపోయిన సంగతి ఆయనకు తెలుసు. భుజం మీద రెండు తట్లు తట్టి వెళ్ళి కూర్చున్నాడు. నేను టీలో మొహం పెట్టుకుని ఏడ్చాను, గొంతు లేదు కాబట్టి ఎవరికీ వినబడలేదు.

ఆపరేషను గుర్తు లేదు. అంకెలు లెక్కపెట్టమంటే లెక్కపెడుతూ లైను మీద నడిచి వెళ్ళిపోయినట్టుంది. తర్వాత ఆ ముక్క సంగతి తెలిసేదాకా ఎదురుచూపు. ఆ రోజుల్లో పైడమ్మ నా మంచం పక్కన నేల మీద కూర్చుని, బియ్యం లేకపోయినా బియ్యం ఏరుతున్నట్టు చీర చెంగులో పోగులు తీసేది. చివరికి డాక్టరు వచ్చి చెడ్డ జబ్బు కాదన్నాడు. పైడమ్మ అక్కడే కూలబడి, "సింహాద్రప్పన్నా," అని నేలకు తల ఆనించింది.

కాని ఇంకో మాట కూడా అన్నాడు. మూడు వారాలు ఒక్క మాట మాట్లాడకూడదు, గుసగుస కూడా. ఆ తర్వాత జన్మలో ఎప్పుడూ అరవకూడదు.

మార్చి

మాట్లాడనివాడికి రోజు చాలా పొడుగు. మంచం మీద పడుకుని వినడమే పని. షంటింగులో పెట్టెలు ఒకదానికొకటి తగిలి ఆ చప్పుడు అటు చివరి దాకా పాకిపోవడం, షెడ్డు సైరను, పక్క క్వార్టర్లో ఎవరో పప్పు పోపు పెట్టడం. మధ్యాహ్నాలు కిటికీలోంచి ఎండ వచ్చి గోడ మీద మెల్లగా నడిచేది. అది గడియారం దాటి సున్నం పెచ్చు దగ్గరికి వస్తే మూడున్నర. కొన్నిసార్లు మెలకువో నిద్రో తెలిసేది కాదు. ఎక్కడో నా గ్యాంగు పిలుపు వినిపించేది, వేరే గొంతుతో. పట్టాల కీలు బిగించే మా కీమేన్ నా బదులు చూసుకుంటున్నాడు.

సాయంత్రాలు గ్యాంగువాళ్ళు ఒక్కొక్కరూ చూడడానికి వచ్చేవాళ్ళు. నేను పలకాపెన్సిలు పట్టుకుని కూర్చునేవాణ్ణి. మధ్యలో అడ్డు తగలలేను, తిట్టలేను, జోకు వేయలేను. అలాంటి మనిషి ముందు జనం మాట్లాడతారు. ఒకడు నాలుగేళ్ళుగా ఎడమ చెవి వినిపించదని చెప్పాడు, చెబితే పనిలోంచి తీస్తానని దాచాడట. ఇంకొకడికి వంతెన మీద పని అంటే కాళ్ళు వణుకుతాయట, అందుకే ఆ రోజుల్లో కడుపునొప్పి తెచ్చుకుంటాడట. ఆ కడుపునొప్పికి నేను ఎన్ని బూతులు తిట్టానో! నా ఒక్కడికే భయం ఉందని, దాన్ని దాచడమే మేట్ పని అని అనుకున్నాను. చూస్తే అందరిదీ అదే అవస్థ. నన్ను చూసే నేర్చుకున్నారు.

మంగళూ చివర్న వచ్చాడు. వాళ్ళ పొలం శనగలు మూట కట్టి తెచ్చి గుమ్మం దగ్గర పెట్టి, నేల మీద కూర్చున్నాడు. నేను కుర్చీ చూపించినా కూర్చోలేదు.

అతనితో చెప్పాల్సిన మాట నా దగ్గర నెలన్నరగా ఉంది. అతనికి తెలుగు చదవడం రాదు, హిందీ కూడా అంతంతే. పైడమ్మ చేత చెప్పిద్దామనుకున్నాను గాని, అది ఇంకొకరి నోటితో చెప్పే మాట కాదు. పలక తీసుకుని రెండు గీతలు గీశాను, పట్టాలు. ఇటు ఇంజను. అటు ఇద్దరు మనుషులు. ఒకడికి టోపీ పెట్టాను, అది నేను. టోపీవాడికి ముఖంలో కళ్ళు గీసి నోరు గీయకుండా వదిలేశాను. రెండోవాడి చెవి మీద బీడీ పెట్టాను. నా వేలు ఆ బీడీవాడి నోటి దగ్గర పెట్టి, ఎందుకు అన్నట్టు చెయ్యి తిప్పాను.

మంగళూ పలకను చాలాసేపు చూశాడు. అతను మాతో మాట్లాడేది గ్యాంగు తెలుగు, సగం వాళ్ళ భాష, సగం మాది.

"తుమ్మచెట్టు కింద నువ్వే కదా బోలినావు మేట్, ఈ గ్యాంగుకి నోరు ఏక్ హీ అని. మై మూసుకున్నా."

కోపం లేదు ఆ గొంతులో. అడిగినదానికి జవాబు చెప్పాడు, అంతే.  ఆ పొద్దు పన్నెండు మంది మీదికి వచ్చిన చావు నా నోట్లోంచే బయల్దేరింది, నా నోరు మూగబోకముందే. రెండు చేతులూ జోడించాను. అతను కంగారుపడి నా చేతులు విడదీసి, "అరే, నై నై," అన్నాడు. నేను తల అడ్డంగా ఊపి, పలకా పెన్సిలు అతని చేతిలో పెట్టి, బీడీవాడి ముఖం చూపించాను. కాసేపటికి అర్థమై సిగ్గుపడుతూ ఆ ముఖంలో ఒక నోరు గీశాడు. ముఖమంతా నోరే గీశాడు. పైడమ్మ వంటింట్లోంచి తొంగి చూసి పకపకా నవ్వింది.

ఏప్రిల్

డ్యూటీలో చేరిన రోజు ఇనస్పెక్టరు నెల రోజులు గడువిచ్చాడు. నెలలో పని ఆలస్యమైనా, పొరపాటు జరిగినా వేరే మేట్ వస్తాడు. నా గొంతు తిరిగి వచ్చింది, కాని బస్తా నేల మీద ఈడ్చినట్టుంది. రెండు గేట్లు కాదు, రెండు గజాలు దాటదు.

సామాన్ల గుడిసె ముందు అందర్నీ దగ్గరగా పిలిచాను. దగ్గరగా రాకపోతే వినబడదు మరి.

"నాకు భయమేసినాది," అన్నాను. "జనవరిలోనే గొంతు పోనాది. మీకు సెప్పలేదు. సెప్తే మేట్‌గిరీ పోద్దనుకున్నాను. నా భయానికి మీ పేనాలు పోయీవి. ఇకమీద రైలు ముందెవడు సూస్తే ఆడే అరవాల. తప్పరిసినా తిట్టేవాడు లేడు."  చెవుడతను కుడి చెవి ఇటు పెట్టి శ్రద్ధగా విన్నాడు. ఇక పని పిలుపు మంగళూ పిలవాలని చెబితే అతను భయపడి కీమేన్ వెనక్కి పోయాడు. అందాకా కీమేనే పిలుస్తూ వచ్చాడు.

నెల ఇంకా సగం కాలేదు. మధ్యాహ్నం ఎండ పేలిపోతోంది. కోసేసిన పొలాల మీద గాలి నీళ్ళలా కదులుతోంది. పట్టాలు దూరంగా ఆ నీళ్ళలోకి దిగి కరిగిపోయినట్టున్నాయి. మంగళూ ఒక్కసారిగా "గాడీ! హటో!" అని గావుకేక పెట్టాడు. అందరం సబ్బళ్ళు తీసుకుని గట్టు దిగి వరసగా నిలబడ్డాం. నేనూ వాళ్ళతోనే.

చూశాం. ఎండ మిలమిలలాడుతోంది. లైను ఖాళీగా ఉంది. అతను చూసిన వెలుగు ఎండమావి. ఎంత సేపు నిలబడ్డామో తెలియదు, పదమూడు మంది మగాళ్ళం, రాని రైలుకు దారి ఇచ్చి.

సరిగ్గా అప్పుడే బిలాస్‌పూర్ వైపు నుంచి ఇనస్పెక్టరు ట్రాలీ వచ్చి ఆగింది. ఎర్రజెండా కింద నుంచి ఆయన దిగాడు. "కామ్ కిస్‌నే రోకా?" అన్నాడు, పని ఎవరు ఆపారని.

మంగళూ ముఖం బూడిదైపోయింది. గ్యాంగు మొత్తం నా నోటి వంక చూసింది. ఒకప్పుడైతే తుమ్మచెట్టు చూపించేవాణ్ణి.  మేట్‌గిరీ పోతే పోయిందని కాదు, పోతుందనే భయం అలాగే ఉంది. అది ఉండగానే నేనేనని నోరు తెరిచాను.

"మైనే, సాహెబ్."

"గాడీ ఎక్కడ?"

"రాలేదు సార్," అన్నాను నాకొచ్చిన హిందీలో. "వచ్చుంటే మేం పక్కనే ఉన్నాం."

ఆయన లైను వైపు చూశాడు. వరసగా నిలబడ్డ మమ్మల్ని చూశాడు, కళ్ళతో ఒక్కొక్కర్నీ లెక్కపెట్టినట్టు. టోపీ తీసి చెమట తుడుచుకుని ట్రాలీ ఎక్కాడు. "చలో, కామ్ షురూ కరో," అన్నాడు. ఆ గడువు మాట మళ్ళీ ఆయన ఎత్తలేదు, నేనూ గుర్తు చేయలేదు.

సబ్బళ్ళు మళ్ళీ పట్టాకింద దూరాయి. ఒక మనిషి తక్కువయ్యాడు, చెవుడతన్ని నీడలో కూర్చోమన్నాను, ఎండకు కళ్ళు తిరుగుతున్నాయంటే. అతని సబ్బలు నేను తీసుకుని వరసలో నిలబడ్డాను. మంగళూ గొంతు సవరించుకుని వాళ్ళ యాసలో, వాళ్ళ పొలాల రాగంలో పిలిచాడు. పన్నెండేళ్ళు పిలిచినవాణ్ణి, మొదటిసారి అందుకున్నాను, "హైసా," అని. నా పక్కవాడికి కూడా వినబడి ఉండదు. పట్టా జరిగింది. మంగళూ ఒక్కసారి నా వైపు చూసి, చూపు తిప్పుకుని, రైలు వస్తోందేమోనని లైను చివర దాకా చూశాడు.